కంటికన్న ముందు చేయి
ఒక జపాను బొమ్మల కథలోని విజ్ఞానము

జపాను దేశములో బొమ్మల కథలను ‘మాంగా’ అందురు. ఇవి పసిపిల్లలకు మాత్రమే ఉద్దేశింపబడినవి కావు. వంటను గురించి, వ్యవసాయ కళాశాలలను గురించి, ‘గో’ అను పలక ఆటను గురించి కూడ అక్కడ మాంగాలు కలవు. పెద్దలును వీనిని చదువుదురు. 2020లో ‘గెక్కన్ కామిక్ ఫ్లాపర్’ అను మాసపత్రికలో ఎజిమా ఎరి రచించిన ఒక మాంగా వెలువడ నారంభించినది. దాని పేరు ‘తాయ్ అరి దెషిత’. వీడియో ఆటలలో తలపడిన ఇరువురు, ఆట ముగిసిన పిమ్మట, “నాతో తలపడినందుకు కృతజ్ఞతలు” అని చెప్పుకొను మాటకు ఇది పొట్టి రూపము. “పెద్దింటి అమ్మాయిలు పోరాటపు ఆటలు ఆడరు” అను అర్థము గల ఉపశీర్షిక కూడ దానికి కలదు.

కథ చిన్నది. కురోమి అను ప్రసిద్ధ బాలికల పాఠశాలలో మిత్సుకి అయా అను సామాన్య కుటుంబపు బాలిక చేరును. అందరు మెచ్చు ‘షిరయురి’, అనగా తెల్ల లిల్లీపువ్వు, అని పిలువబడు యొరుయె మియో అను విద్యార్థిని ఆమెకు ఆరాధ్య దేవత. ఒకనాడు ఆ మియో ఎవరి కంట పడకుండ వీడియో పోరాటపు ఆట ఆడుచుండగ అయా చూచును. ఆ పాఠశాలలో వీడియో ఆటలు నిషిద్ధములు. అయాయు ఒకప్పుడు ఆ ఆటలో ఆరితేరినదే. దానిని విడిచి మర్యాదగల విద్యార్థినిగ మెలగవలెనని వచ్చినది. మియో ఆమెను ఆటకు పిలుచును. అయా కాదనలేకపోవును. నాటినుండి ఇరువురును రహస్యముగ సాధన చేయుదురు.

బయటపడిన పక్షమున చదువుకే ముప్పు తెచ్చు ఈ ఆటలో అంతగా సాధన చేయవలసినది ఏమున్నది? చూచువారికి ఇది మీటలను వేగముగ నొక్కుట మాత్రమే. చురుకైన చేతులుగలవారు గెలుతురనియు, లేనివారు ఓడుదురనియు తోచును. కాని కొలిచి చూచినచో ఈ అభిప్రాయము నిలువదు. ఎట్లు నిలువదో తెలిసికొనుటకు మొదట కాలమును కొలువవలెను.

సెకనులో అరువదవ వంతు

సినిమా రీలులో ఒకదాని వెంట ఒకటిగ నిశ్చలమైన బొమ్మలు కదలుటవలననే మనకు చలనము కనబడును. వీడియో ఆటయు అట్టిదే. పోరాటపు ఆటలలో యంత్రము సెకనుకు 60 బొమ్మలు చిత్రించును. ఒక్కొక్క బొమ్మను ‘ఫ్రేము’ అందురు. ఒక ఫ్రేము సెకనులో 60వ వంతు, అనగా దాదాపు 17 మిల్లీసెకనులు. ఆటగాండ్రు కాలమును సెకనులలో చెప్పరు, ఫ్రేములలో చెప్పుదురు.

ప్రతి దెబ్బకును మూడు భాగములు కలవు. చేయి లేచి తగులువరకు పట్టు ఫ్రేములు మొదటి భాగము. తగులగల స్థితిలో నుండు ఫ్రేములు రెండవ భాగము. చేయి వెనుకకు వచ్చి ఆటగాడు తిరిగి సిద్ధమగు ఫ్రేములు మూడవ భాగము. బలమైన దెబ్బకు మొదటి, మూడవ భాగములు దీర్ఘములు. అది గురి తప్పినచో కొట్టినవాడు ఎదుటివానికి చిక్కును. 2023లో వెలువడిన ‘స్ట్రీట్ ఫైటర్ 6’ అను ఆటనే తీసికొందము. అందులో అతి చురుకైన చిన్న గుద్దు 4 ఫ్రేములలో తగులును. ‘డ్రైవ్ ఇంపాక్ట్’ అను భారీ దెబ్బ తగులుటకు 26 ఫ్రేములు పట్టును. ఈ రెండు అంకెలను జ్ఞాపకముంచుకొనవలెను.

స్కేలుతో ఒక ప్రయోగము

ఈ ఫ్రేములతో పోల్చినచో మన శరీరపు వేగమెంత? దీనిని ఏ పరికరము లేకయే తరగతిలో కొలువవచ్చును. ఒక విద్యార్థి స్కేలును నిలువుగ పట్టుకొనవలెను. రెండవ విద్యార్థి దాని అడుగున, సున్న గీత వద్ద, బొటనవ్రేలిని చూపుడువ్రేలిని ఎడముగ నుంచవలెను. మొదటివాడు చెప్పకుండ స్కేలును విడువవలెను. రెండవవాడు పట్టుకొన్న చోట ఎన్ని సెంటీమీటర్లు ఉన్నవో చూడవలెను.

జారిపడు వస్తువు ప్రయాణించిన దూరము, గురుత్వ త్వరణములో సగమును కాలవర్గముచే గుణించిన లబ్ధమునకు సమానమని ఉన్నత పాఠశాల విద్యార్థులెరుగుదురు. గురుత్వ త్వరణమును 9.8గ తీసికొన్నచో, స్కేలు 10 సెంటీమీటర్లు పడుటకు 0.14 సెకను, 20 సెంటీమీటర్లు పడుటకు 0.20 సెకను, 30 సెంటీమీటర్లు పడుటకు 0.25 సెకను పట్టును. వీనిని ఫ్రేములలోనికి మార్చినచో వరుసగ సుమారు 9, 12, 15 ఫ్రేములగును. ఆరోగ్యవంతులైన యువకులలో చాలమంది 20కిని 30కిని మధ్య పట్టుకొందురు. కంటితో చూచి చేయి కదలించుటకు మనుష్యునికి పట్టు కాలము 12 మొదలు 15 ఫ్రేములన్నమాట.

ఇప్పుడు 4 ఫ్రేముల గుద్దును స్కేలుపై చూతము. నాలుగు ఫ్రేములలో స్కేలు పడు దూరము 2 సెంటీమీటర్లకు కొంచెము ఎక్కువ. అంతలో దానిని పట్టుకొనగల మానవుడు లేడు. కావున ఆ గుద్దును చూచి అడ్డుకొనుట ఎంత సాధన చేసినను సాధ్యము కాదు. అయినను ఆటగాండ్రు దానిని నిత్యము అడ్డుకొనుచునే యున్నారు.

26 ఫ్రేముల దెబ్బ దీనికి విరుద్ధము. ఆ వ్యవధిలో స్కేలు 92 సెంటీమీటర్లు పడును. అంత పొడవైన కర్రను ఏ పిల్లవాడైనను పట్టుకొనగలడు. అయినను పేరుపొందిన పోటీలలో సైతము నిపుణులు ఆ దెబ్బను తినుచున్నారు.

అసాధ్యమైనది ఎట్లు సాధ్యమగుచున్నది? సులభమైనది ఎందుకు తప్పిపోవుచున్నది? ఈ ఆట వేగమునకు సంబంధించినది మాత్రమే కాదనుటకు ఈ రెండు ప్రశ్నలే సాక్ష్యము.

కాలము ఎక్కడ ఖర్చగుచున్నది?

ఒకప్పుడు నరములలో వార్త క్షణములో, కొలువరాని వేగముతో, ప్రయాణించునని శాస్త్రజ్ఞులు భావించిరి. 1850లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ కప్ప కాలి నరమునకు విద్యుత్తు తగిలించి ఆ వేగమును కొలిచెను. అది సెకనుకు 27 మీటర్ల దరిదాపున ఉన్నది. మన చేతి నరములలో వేగము ఇంతకు హెచ్చు, సుమారు 50 మీటర్లు. ఆ లెక్కన మెదడునుండి వ్రేళ్ళవరకు ఒక మీటరు దూరమునకు 20 మిల్లీసెకనులు చాలును. ఇది ఒక ఫ్రేమునకు కొంచెము ఎక్కువ మాత్రమే. తక్కిన కాలములో కొంత కంటిలో వెలుగు నాడీసంకేతముగ మారుటకును, కొంత కండరము బిగియుటకును పోవును. పెద్ద భాగము మెదడులో ఖర్చగును.

మెదడు చేయు పనిని కొలుచుటకు నెదర్లాండ్సులోని ఉట్రెక్ట్ నగరమున డోండర్స్ అను వైద్య శాస్త్రజ్ఞుడు ఒక చక్కని ఉపాయము కనుగొని 1868లో ప్రకటించెను. ఒకరు ఒక అక్షరమును పలుకవలెను. విన్నవారు దానినే వెంటనే తిరిగి పలుకవలెను. ఏ అక్షరము రానున్నదో ముందే తెలిసినప్పుడు జవాబు త్వరగ వచ్చినది. ఐదింటిలో ఏదైనను రావచ్చుననినప్పుడు సెకనులో సుమారు పండ్రెండవ వంతు ఆలస్యమైనది. చెవియు నాలుకయు అవే. హెచ్చిన కాలము ‘ఇది ఏది?’ అని గుర్తించి, తగిన జవాబును ఎన్నుకొనుటకు పట్టిన కాలము. మన ఫ్రేములలో అది ఐదు.

1952లో హిక్ అను ఆంగ్ల మనోవిజ్ఞాని దీపములతోను, వానికి జతయైన మీటలతోను ప్రయోగములు చేసి దీనిని సూత్రబద్ధము చేసెను. రాగల సంకేతముల సంఖ్య రెండింతలైన ప్రతిసారియు జవాబునకు పట్టు కాలము ఒకే ప్రమాణములో హెచ్చును. రెండు నాలుగైనను, నాలుగు ఎనిమిదియైనను పెరుగుదల ఒకటే.

సులభమైన దెబ్బ తప్పిపోవుటకు కారణము ఇప్పుడు విశదమగును. స్కేలు ఒక్కటే పడునని తెలిసినచో పట్టుకొనుట తేలిక. పోటీలోనున్న ఆటగాడు ఒక్క స్కేలును కాదు, పదింటిని కనిపెట్టి యుండవలెను. ఎదుటివాడు ఎగురునా, ముందుకు దూకునా, పట్టుకొని పడవేయునా, దూరమునుండి అస్త్రము విసరునా అని ఆలోచించుచు, తాను చేయదలచిన దానిని గూడ మనస్సులో నుంచుకొనవలెను. తెలివైన ప్రత్యర్థి ఈ భారమును బుద్ధిపూర్వకముగ పెంచి, మనస్సు వేరొకచోట నున్నప్పుడు ఆ 26 ఫ్రేముల దెబ్బను వేయును.

క్రికెట్టులో కూడ ఇదియే స్థితి. గంటకు 144 కిలోమీటర్ల వేగముతో వచ్చు బంతి బ్యాటువద్దకు చేరుటకు 0.44 సెకను పట్టును. ఇంచుమించు ఇదియు 26 ఫ్రేములే. 2000లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో బ్యాటుదారుల కంటి కదలికలను కొలిచిరి. వారు బంతిని మొదటినుండి తుదివరకు వెంబడించుట లేదనియు, బంతి నేలను తాకబోవు చోటికి చూపును ముందుగనే తరలించి అక్కడ వేచియుందురనియు తేలినది. ఆరితేరినవాని కన్ను బంతికన్న ముందు పోవును.

ఊహకును లెక్క కలదు

ఇక 4 ఫ్రేముల గుద్దును అడ్డుకొనుట ఎట్లు? చూచి కాదు, ముందుగ ఊహించి. అయితే ఊహ గుడ్డిది కారాదు. ఒక చిన్న ఉదాహరణము చూతము.

మియో దగ్గరకు వచ్చినదనుకొందము. ఆమె గుద్దవచ్చును, లేక పట్టుకొని పడవేయవచ్చును. అయా చేతులు అడ్డుపెట్టవచ్చును, లేక పట్టును విడిపించుకొనుటకు యత్నింపవచ్చును. చేతులు అడ్డుపెట్టినచో గుద్దు తగులదు, కాని పట్టునకు చిక్కి 10 పాళ్ళ బలము కోల్పోవును. విడిపించుకొనుటకు యత్నించినచో పట్టు సాగదు, కాని గుద్దు తగిలి 30 పాళ్ళు కోల్పోవును. ఈ అంకెలు లెక్క సులభముగ నుండుటకు మనము ఎన్నుకొన్నవి.

మియో ఎన్నిసార్లు గుద్దవలెను? గుద్దు బలమైనది కావున దానినే ఎక్కువగ వాడవలెనని తోచును. ఆమె సగము సార్లు గుద్ది, సగము సార్లు పట్టుకొన్నదనుకొందము. అప్పుడు అయా ఎల్లప్పుడు చేతులు అడ్డుపెట్టినచో సరాసరి నష్టము 5 పాళ్ళు మాత్రమే. మియో నాలుగింట ఒకసారి గుద్ది, మూడుసార్లు పట్టుకొన్నచో, అయా అడ్డుపెట్టినను 7.5, విడిపించుకొనుటకు యత్నించినను 7.5 పాళ్ళు కోల్పోవును. ఆమెకు తప్పించుకొను దారి లేదు. కావున చిన్న దెబ్బనే హెచ్చుగ వాడవలెను! పెద్ద దెబ్బ అరుదుగ వచ్చినను దాని భయమే అయా చేతులను కట్టివేయును. ఇదే విధముగ అయాకు ఉత్తమమైన మార్గము నాలుగింట మూడుసార్లు అడ్డుపెట్టుట. దీనిని విద్యార్థులు స్వయముగ సాధింపవచ్చును.

ఇట్టి లెక్కలకు మూలమైన సిద్ధాంతమును 1928లో జాన్ ఫాన్ నాయ్‌మన్ అను గణితవేత్త నిరూపించెను. ఒకరి లాభము వేరొకరి నష్టమైన ఆటలలో ఇరువురికిని ఇట్టి ఉత్తమ మిశ్రమము ఒకటి ఉండునని అతడు చూపెను. ఆ మిశ్రమము ఏ క్రమమునకును లోబడక, చీట్లు తీసినట్లు రావలెను. మనుష్యునికి ఇది చాల కష్టము. రెండుసార్లు ఒకే పని చేసినవాడు మూడవసారి మార్చుటకు తహతహలాడును. భయపడినవాడు అలవాటైన రక్షణను ఆశ్రయించును. ఈ అలవాట్లను గుర్తించుటనే ఆటగాండ్రు ‘చదువుట’ అందురు. గుద్దు బయలుదేరక ముందే అడ్డుకొను చేయి ఎదుటివాని మనస్సును చదివిన చేయి.

సాధన వలన మారునది

చదరంగమున ఈ విషయము ముందే పరీక్షింపబడినది. 1973లో అమెరికాలో చేజ్, సైమన్ అను శాస్త్రజ్ఞులు నిజమైన ఆటలోని ఒక స్థితిని ఐదు సెకనులు మాత్రము చూపి, జ్ఞాపకముంచుకొని తిరిగి పేర్చుమని ఆటగాండ్రను అడిగిరి. నిపుణులు కొత్తవారికన్న చాల హెచ్చు పావులను సరిగ పేర్చిరి. పావులను అడ్డదిడ్డముగ పెట్టి చూపినప్పుడు ఆ ఆధిక్యము ఇంచుమించు మాయమైనది. నిపుణుని జ్ఞాపకశక్తి సహజముగ గొప్పది కాదు. అతడు విడివిడి పావులను గాక, తనకు పరిచితమైన గుంపులను చూచును.

పోరాటపు ఆటలోని సాధనయు అట్టిదే. ‘ఈ దూరమున, ఈ స్థితిలో, ఎదుటివాడు చేయగలవి ఇవి మూడే’ అని తెలిసినచో పది స్కేలులు మూడగును. హిక్ సూత్రము ప్రకారము జవాబు కూడ త్వరితమగును. నరముల వేగము మారదు, ఎన్నుకొనవలసినవి తగ్గును. మియో, అయాల వంటివారు ఒకే సన్నివేశమును వందలసార్లు మరల మరల అభ్యసించుటలోని ఆంతర్యమిదియే.

దీనికి ఒక నిదర్శనము కలదు. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో ‘స్ట్రీట్ ఫైటర్ 5’ ఒక పతకపు పోటీ. అందు స్వర్ణపతకము పొందిన దక్షిణ కొరియా క్రీడాకారుడు కిమ్ గ్వాన్-వు వయస్సు 44 సంవత్సరములు. మనుష్యుని ప్రతిస్పందన వేగము ఇరువదులలో అత్యధికముగ నుండి, పిమ్మట మెల్లగ తగ్గును. వేగమే సర్వస్వమైనచో ఆ పతకము వేరొకరిది కావలసినది.

యంత్రమును ఊహింపవలసివచ్చినది

దూరముననున్న ఇరువురు ఇంటర్నెట్టు ద్వారా ఆడునప్పుడు మరియొక చిక్కు కలుగును. గాజు తంతులలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. టోక్యోనుండి లాస్ ఏంజెలెస్‌కు సుమారు 8,800 కిలోమీటర్లు. వార్త అటు చేరుటకే 44 మిల్లీసెకనులు, అనగా రెండున్నర ఫ్రేములకు పైగా, పట్టును. కాంతి వేగమును ఏ ఇంజనీరును పెంచలేడు.

2000 దశకపు మధ్యకాలమున టోనీ కానన్ అను అమెరికను ప్రోగ్రామరు దీనికొక పద్ధతి కల్పించెను. ఎదుటివాని మీటల వార్త రాకముందే యంత్రము ‘అతడు కిందటి ఫ్రేములో చేసినదే ఇప్పుడును చేయుచుండును’ అని ఊహించి ఆటను నడుపును. నిజమైన వార్త వచ్చి, ఊహ తప్పని తేలినచో, వెనుకకు పోయి ఆ ఫ్రేములను తిరిగి లెక్కించి సరిదిద్దును. మనుష్యుడు ఒక మీటను నొక్కినచో ఎన్నో ఫ్రేములవరకు అట్లే పట్టియుండును గనుక ఈ ఊహ చాలసార్లు నిజమగును. ప్రకృతి విధించిన ఆలస్యమును జయించుటకు యంత్రమునకును మెదడునకును దొరికిన దారి ఒక్కటే.

ఉపాధ్యాయులు తూచవలసినది

ఇంతటి బుద్ధి పని గల ఆటను కురోమి పాఠశాల ఎందుకు నిషేధించినది? ఇది కథలోని ప్రశ్న మాత్రమే కాదు. ఈ మాంగా ఆరంభమైన 2020లోనే జపానులోని కగావా మండలపు శాసనసభ ఒక నిబంధనమును ఆమోదించినది. పదునెనిమిదేండ్ల లోపు పిల్లలు పాఠశాల దినములలో 60 నిమిషములకు, సెలవు దినములలో 90 నిమిషములకు మించి వీడియో ఆటలు ఆడకుండ తల్లిదండ్రులు చూడవలెనని అందు కలదు. మీరినవారికి శిక్ష లేదు. ఇది తమ స్వేచ్ఛకు భంగకరమని ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి తల్లితో కలిసి న్యాయస్థానమునకు పోయెను. 2022లో న్యాయస్థానము నిబంధనము రాజ్యాంగ విరుద్ధము కాదని తీర్పు చెప్పినది. అదే జపానులో ఉన్నత పాఠశాలల విద్యార్థులకు జాతీయస్థాయి వీడియో క్రీడల పోటీలును జరుగుచున్నవి. దేశమే ఈ విషయమున రెండు మనస్సులతో నున్నది.

ఈ భయము నిరాధారము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరినుండి అమలులోనికి వచ్చిన తన వ్యాధుల పట్టికలో ‘ఆటల వ్యసనమును’ చేర్చినది. అయితే దాని లక్షణములను గమనింపవలెను. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికన్న ఆటయే ముఖ్యమగుట, హాని కలుగుచున్నదని తెలిసియు మానలేకపోవుట, సామాన్యముగ ఈ స్థితి పండ్రెండు మాసములు కొనసాగుట. ఆడుటయే వ్యాధియని సంస్థ చెప్పలేదు.

రెండవ వైపున, ఈ ఆటలో నేర్పరియైనవాడు గణితములోను నేర్పరి యగునని తలచుటయు పొరపాటే. చదరంగపు నిపుణుని జ్ఞాపకశక్తి అడ్డదిడ్డపు పావులవద్దనే నిలిచిపోయినది గదా! ఒక రంగములో సంపాదించిన నేర్పు చాలవరకు ఆ రంగముననే ఉండిపోవును. ఆ సాధనలోని పద్ధతి మాత్రము, అనగా కష్టమైన భాగమును విడదీసి కొలుచుట, తప్పును గుర్తించి మరల చేయుట, చదువునకును పనికివచ్చును. దానిని అటు మళ్ళించుటకు తోడ్పడు పెద్దలుండవలెను. విద్యార్థి రహస్యముగ ఆడవలసివచ్చినచో అతని నేర్పును గాని, హద్దు దాటుటను గాని ఉపాధ్యాయుడు చూడజాలడు.

తరగతిలో స్కేలు ప్రయోగమును ఒకసారితో ముగింపక, రెండు స్కేలులతో చేయించుడు. ఏది పడునో ముందు చెప్పక, పడినదానినే పట్టుకొనుమనుడు. దూరము హెచ్చుట విద్యార్థులు స్వయముగ చూతురు. పిమ్మట అదే జంటచే ఇరువదిసార్లు చేయించుడు. కొందరు క్రమముగ త్వరగ పట్టుకొందురు. కారణమును వారినే అడుగుడు. వారు స్కేలును చూచుట మాని, దానిని విడువబోవు స్నేహితుని వ్రేళ్ళను చూచుచుందురు.